కదలని మరమేకు: తొందరచే కలుగు నష్టము

పూర్వము ఎడ్లబండి నిలిచెడి చావడిలో నేడు పెక్కు గ్రామములందు పాత కారో జీపో నిలుచుచున్నది. ఇరుసునకు కందెన వేసిన చేతులతోనే మన రైతు సోదరులు ఈ వాహనముల చిల్లర మరమ్మతులను గూడ చేసికొనుచున్నారు. ఇందుకు మేము మిక్కిలి సంతసించుచున్నాము. అయితే ఇంటివద్ద పని చెడుట తెలివి చాలక కాదు. తుప్పుపట్టి కదలని ఒక్క మరమేకువద్ద ఓపిక చాలకయే చెడుచున్నదని మా అభిప్రాయము. ఇది పరుల తప్పు లెన్నుటకు వ్రాయుట లేదు. ఆ తప్పు మేమే చేసితిమి.

తొలకరికి ముందు ఒకనాడు మా యింటి కారు ముందు చక్రమును తీసి, బ్రేకు డిస్కును విప్పబూనితిమి. దానిని పట్టియుంచు చిన్న మరమేకులు రెండు. ఒకటి సులభముగా వచ్చినది. రెండవది రాలేదు. చేతికందిన స్క్రూడ్రైవరుతో బలముకొలది త్రిప్పగా అది జారి, మేకు తలలోని గాడి చెదరినది. కోపము వచ్చి మరల త్రిప్పితిమి; గాడి పూర్తిగా గుండ్రనైపోయినది. చక్రమును తిరిగి బిగించి పట్టణములోని ఒక పనిశాలకు కారును తీసికొనిపోగా, వారు డ్రిల్లుతో ఆ మేకు తలను తొలిచివేసిరి. రెండు దినములు గడచినవి. విత్తనపు బస్తాలు తెచ్చుకొనవలసిన దినములవి. తీరా చూడగా చక్రము బిగించిన పిదప డిస్కును పట్టియుంచునవి చక్రపు నట్లేగాని ఆ చిన్న మేకులు కావట! అది లేకున్నను బండి నడచునని వారు చెప్పినప్పుడు మాకు నవ్వును దుఃఖమును ఒక్కమారే వచ్చినవి.

ఇనుము తుప్పుగా మారినప్పుడు మునుపటికంటె ఎక్కువ చోటు ఆక్రమించును. మరల నడుమనున్న సన్నని సందులో ఆ తుప్పు ఉబ్బి, చీలగొట్టినట్లు బిగిసికొనును. సముద్రతీర గ్రామములలో ఉప్పుగాలి ఇందుకు తోడ్పడును. పొటాషు ఎరువును కారు వెనుకభాగమున వేసికొని వచ్చు వారికి మరియొక చిక్కు గలదు. ఆ ఎరువు కూడ ఒక విధమగు లవణమే. రాలిన పొడి తేమను పీల్చి క్రింది బోల్టులను తినివేయును. బస్తాలు దింపిన నాడే నీళ్లతో కడుగుట మేలు.

ఇట్టి బిగువునకు బలము విరుగుడు కాదు, కాలము విరుగుడు. ముందుగా తీగెల బ్రష్షుతో మరల చుట్టును శుభ్రపరచి, మరలలోనికి ఇంకెడి నూనె వేసి ఒక రాత్రి విడువవలెను. డబ్బాలలో అమ్మెడి డబ్ల్యూడీ-40 ఇందుకే పుట్టినదని పలువు రనుకొందురు. 1953లో అమెరికాలో దానిని తయారుచేసినది ముఖ్యముగా తేమను తొలగించి తుప్పు రాకుండ కాపాడుటకు. అదియు కొంత పని చేయును గాని, మరలు వదలించుటకై ప్రత్యేకముగా చేసిన నూనెలు ఇంతకంటె మేలు. మరునాడు బోల్టు తలపై సుత్తితో చిన్న దెబ్బలు వేసినచో తుప్పు పగిలి నూనె లోనికి దిగును. తరువాత విప్పుటకు బదులు మొదట ఇసుమంత బిగింపుడు. కదిలినచో విప్పుడు, పట్టినచో మరల వెనుకకు త్రిప్పుడు. ఇట్లు ముందుకును వెనుకకును ఆడించుటలో విసుగు కలుగును. విసుగు కలిగిన క్షణముననే బోల్టు తెగునని మరువరాదు.

పనిముట్టు సరిగా కుదురుట మరియొక విషయము. నోరు తెరిచిన పానా రెండు ముఖములనే పట్టును; ఆరు మూలల రింగు పానా అన్ని ముఖములను పట్టును. కావున బిగిసిన నట్టుకు రెండవదే తగును. కూడలి గాడి మేకులలో పరిమాణభేదములు కలవు. మేము చెడగొట్టిన మేకునకు 3వ నంబరు మొన కావలసియుండగా 2వ నంబరుతో త్రిప్పితిమి. జపాను నమూనా పాత వాహనములలోని గాడి ఆకృతియే కొంచెము వేరు. మామూలు ఫిలిప్స్ మొన అందులో పూర్తిగా కూర్చుండదు. ఇట్టి చోట మెకానిక్కులు ఇంపాక్టు డ్రైవరని పిలుచు సాధనము అమూల్యము. దాని వెనుక సుత్తితో కొట్టిన దెబ్బ మొనను గాడిలోనికి అదుముచు, అదే క్షణమున త్రిప్పును.

వేడి సంగతి మన కమ్మరులకు క్రొత్తగా చెప్పనక్కరలేదు. బండి చక్రమునకు ఇనుప పట్టాను కాల్చి తొడుగుట వారికి నిత్యకృత్యము. 100 డిగ్రీల వేడి పెరిగినచో మీటరు పొడవు ఉక్కు సుమారు 1.2 మిల్లీమీటర్లు సాగును. అల్యూమినియము సుమారు 2.3 మిల్లీమీటర్లు సాగును. కావున అల్యూమినియపు దిమ్మెలో పట్టిన ఉక్కు బోల్టును వదలించుటకు దిమ్మెను వేడిచేయుట ఉపాయము. అయితే పెట్రోలు గొట్టముల దరిని, బ్రేకు గొట్టముల దరిని, బ్యాటరీ దరిని, నూనె పోసిన చోటున మంట పెట్టుట ప్రాణాపాయము. ఈ విషయమున మేము ఎవరికిని మినహాయింపు ఈయము.

బోల్టు విరిగినపిదప లోని ముక్కను తీయుటకు అమ్మెడి ఎక్స్‌ట్రాక్టరును నమ్మి తొందరపడకుడు. అది మిక్కిలి గట్టి ఉక్కు. లోపల విరిగెనా సామాన్యపు డ్రిల్లు దానిని తొలువజాలదు. విరిగిన మొన పైకి కనబడుచున్నచో దానిపై నట్టు నుంచి వెల్డింగు చేయించి త్రిప్పుట మేలైన మార్గము.

ఇక సంఘము మాట. మంచి ఇంపాక్టు డ్రైవరు, ఆరు మూలల సాకెట్ల పెట్టె, సరియైన మొనలు ప్రతి ఇంట కొనుట దుబారా. ఏడాదికి రెండుమారులు కావలసిన వస్తువునకై చవుక సరుకు కొని, దానితోనే బోల్టులను చెడగొట్టుచున్నాము. సంఘము ఒక్క పెట్టె కొని, పుస్తకములో వ్రాసికొని, స్వల్ప అద్దెకు ఈయరాదా? పనిముట్లు తిరిగి రావని కొందరు సభ్యులు ఆక్షేపించుచున్నారు. ధరావతు తీసికొన్నచో ఏల రావు? కారు గలవారికి సంఘపు సొమ్మేల యని మరికొందరందురు. ట్రాక్టరునకును, పంపుసెట్టునకును, నూర్పిడి యంత్రమునకును పట్టునవి ఈ పానాలే.

తిరిగి బిగించునపుడు మరలను తుడిచి కొద్దిగా రాగి గ్రీజు పూసినచో మరుసారి ఈ పాట్లు తప్పును. చక్రపు నట్లకు మాత్రము తయారీదారు చెప్పనిదే పూయరాదు. జారుడు హెచ్చిన కొలది అదే బలమునకు నట్టు అతిగా బిగిసి బోల్టు సాగిపోవును. పనిముట్ల పెట్టె ప్రతిపాదనను రాబోవు సర్వసభ్య సమావేశమున ప్రవేశపెట్ట దలచినాము. మొదటి ధరావతు మేమే కట్టుదుము.