ఎమ్యులేటర్ నత్తనడకకి మందు కొత్త ల్యాప్‌టాపేనా?

ఆండ్రాయిడ్ నేర్చుకుందామనుకునే ఆదోని, ఎమ్మిగనూరు పిల్లలకి దొరికే ఉచిత సలహా ఒకటుంది. "ఎమ్యులేటర్ నత్తలా నడుస్తోందా? 16 జీబీ ర్యామున్న కొత్త ల్యాప్‌టాప్ కొనుక్కో." చెప్పేవాడికేం, నోటి మాటే కదా! మరి కొనేవాడి సంగతో? పశ్చిమ కర్నూలులో వానల్లేని ఏడాది జనం పిల్లాజెల్లాతో గుంటూరు మిరప కోతలకీ, బెంగుళూరు కూలిపనులకీ వలసపోతారు. ఆ కూలి డబ్బుతో సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనిచ్చిన తండ్రికి "ఇది పనికిరాదు నాయనా" అని ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? నన్నడిగితే ఇది సలహా కాదు, చేతులు దులుపుకోవడం.

అసలు ఎమ్యులేటర్ ఎందుకు ఈడుస్తుంది? ఆదోనిలో తెలుగు, కన్నడ, ఉర్దూ మూడూ వినపడతాయి. ఇద్దరికీ ఒకే భాష వస్తే నేరుగా మాట్లాడుకుంటారు, రాకపోతే మధ్యలో దుబాసీ కావాలి. దుబాసీ ఉంటే ప్రతి మాటా ఆలస్యమే. ఇక్కడా అంతే. ఫోన్లలో ఉండేది ఏఆర్ఎమ్ ప్రాసెసర్, మన ల్యాప్‌టాపుల్లో ఎక్కువగా ఎక్స్86. ఏఆర్ఎమ్ ఇమేజ్ నడిపితే ప్రతి ఆదేశాన్నీ తర్జుమా చేసుకోవాలి. ఎక్స్86 ఇమేజ్ పెట్టి, ప్రాసెసర్లో ఉన్న వర్చువలైజేషన్ సదుపాయాన్ని వాడుకుంటే దుబాసీతో పనిలేదు.

తమాషా ఏంటంటే, చాలా పాత ల్యాప్‌టాపుల్లో ఈ సదుపాయం ఉంటుంది, కానీ బయోస్‌లో ఆపేసి ఉంటుంది. విండోస్ టాస్క్ మేనేజర్లో పెర్ఫార్మెన్స్, సీపీయూ దగ్గర చూస్తే తెలిసిపోతుంది. ఆపేసి ఉంటే ఎక్స్86 ఇమేజ్ లేవనే లేవదు. అప్పుడు ఏదో పాత వీడియో చూసి ఏఆర్ఎమ్ ఇమేజ్ దించుకుంటారు, అది లేవడానికే అర్ధగంట. ఇక తిట్లన్నీ ర్యాముకి! ఇంకొందరు ఇప్పటికీ హాక్సమ్ వేసుకోమంటున్నారు. దాన్ని ఇంటెల్ 2023 జనవరిలోనే ఆపేసింది మహాప్రభో! విండోస్‌లో హైపర్‌వైజర్ ప్లాట్‌ఫాం అనే ఫీచర్‌కి టిక్కు పెట్టి రీస్టార్ట్ చేస్తే సరిపోతుంది. లినక్స్‌లో అయితే కేవీఎమ్ ఉండనే ఉంది.

మగ్గం సరిగ్గా ఆడకపోతే ఎమ్మిగనూరు నేతగాడు ముందు పడుగు చూస్తాడు, అచ్చు చూస్తాడు. అంతేగానీ కొత్త మగ్గం కోసం అప్పుకి పరిగెత్తడు. ఈపాటి ఇంగితం ఫీజు తీసుకుని కోర్సులు చెప్పేవాళ్ళకి ఉండొద్దూ?

"ర్యాము అక్కర్లేదంటావా?" అని మీరడగొచ్చు. అననండీ. ఆండ్రాయిడ్ స్టూడియోకి ఎమ్యులేటర్ కూడా కలిపితే 16 జీబీ కావాలని గూగుల్ వాళ్ళే రాసుకున్నారు. 4 జీబీ మిషన్లో ఏ చిట్కా పనిచేయదు, ఆ మాట దాచడం కూడా మోసమే. 8 జీబీ ఉంటే కుస్తీ పట్టొచ్చు: చిన్న తెర, పాత వెర్షన్, గూగుల్ ప్లే లేని ఇమేజ్ ఎంచుకోవాలి. ఎమ్యులేటర్‌కి ఎక్కువ ర్యామిస్తే వేగం పెరుగుతుందనుకోకండి. విండోస్‌కి చాలక డిస్కు మీద పడి అంతా మొరాయిస్తుంది. ప్రతిసారీ మూసి మొదట్నుంచీ లేపకుండా క్విక్ బూట్ వాడుకోండి. హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ వేయించినా చాలా తేడా ఉంటుంది, కొత్త ల్యాప్‌టాప్ ఖర్చుతో పోలిస్తే అదెంత?

అన్నిటికన్నా పెద్ద మందు జేబులోనే ఉంది. ఫోన్లో డెవలపర్ ఆప్షన్లు తెరిచి, యూఎస్‌బీ డీబగ్గింగ్ పెట్టి, కేబుల్‌తో కలిపితే ఎమ్యులేటర్‌తో పనే లేదు. నాలుగైదు రకాల తెరలమీద, వెర్షన్లమీద పరీక్షించాల్సి వచ్చినప్పుడు ఎమ్యులేటర్ కావాలి, నిజమే. కానీ నేర్చుకునే మొదటి ఆర్నెల్లూ ఆ అవసరం ఎంతమందికొస్తుంది?

ఇంకో మాట. ఆదోని పత్తి యార్డుకొచ్చే రైతు చేతిలో ఉండేది ఖరీదైన ఫోన్ కాదు. అతని కోసం యాప్ రాసేవాడు చౌక ఫోన్లోనే పరీక్షించాలి. ఆ లెక్కన చూస్తే మన పిల్లాడి పాత ఫోనే సరైన ప్రయోగశాల, నగరంలో కూర్చున్నవాడి ఖరీదైన ల్యాప్‌టాప్ కాదు.

కాబట్టి అయ్యా సలహాదారులూ, "కొత్తది కొను" అనేముందు ఒక్క ప్రశ్న అడగండి: "బాబూ, నీ మిషన్లో వర్చువలైజేషన్ ఆన్‌లో ఉందా?" ఈ ప్రశ్నకి పైసా ఖర్చు లేదు. అడక్కపోతే మాత్రం ఆ ఖర్చు ఎవరి నెత్తిన పడుతుందో మీకూ తెలుసు.