బజారుంది, బేరగాడేడీ?

ఏటా నవంబరులో గోవాలో అంతర్జాతీయ చలనచిత్రోత్సవం జరిగే రోజుల్లోనే దాని పక్కన ఒక సంత కూడా సాగుతుంది. ఎన్ఎఫ్‌డీసీ (జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ) 2007లో మొదలుపెట్టిన ఫిల్మ్ బజార్ అది. 2025లో దాని పేరు వేవ్స్ ఫిల్మ్ బజార్‌గా మారింది. ఉత్సవంలో ఎర్ర తివాచీ, ఫొటోలు, ప్రసంగాలు ఉంటాయి. బజారు పని వేరు. అక్కడ వ్యూయింగ్ రూమ్ అని ఒకటుంది. వరసగా కంప్యూటర్లు, ఒక్కో దాని ముందు హెడ్‌ఫోన్లు తగిలించుకున్న మనిషి. ఆయన ఏ యూరప్ ఉత్సవానికో సినిమాలు ఎంపిక చేసేవాడు కావచ్చు, ఏ పారిస్ సేల్స్ ఏజెంటో కావచ్చు. తెర మీద జాబితాలో అస్సామీ, మణిపురి, కన్నడ, మరాఠీ, తెలుగు సినిమాలుంటాయి. పట్టేసుకుంటే చివరిదాకా చూస్తాడు, లేకపోతే పది నిమిషాలకే ఇంకో సినిమా తెరుస్తాడు. ఇంకో పక్క కో-ప్రొడక్షన్ మార్కెట్లో దర్శకుడూ నిర్మాతా బల్ల ముందు కూర్చుని, ఇంకా తీయని సినిమా గురించి వచ్చినవాళ్లందరికీ వరసగా చెబుతుంటారు. అన్నీ అవసరమైన ఏర్పాట్లే. కానీ ఆ గదుల్లో అరుదుగా కనిపించేవాడు ఒకడున్నాడు. సినిమా ఏ భాషలో తీశారో ఆ భాషాప్రాంతం నుంచే చెక్కుబుక్కుతో వచ్చిన కొనుగోలుదారు. ఆ లోటు తీరనంతకాలం ప్రాంతీయ భాషల్లో తీసే స్వతంత్ర సినిమాకు ఎన్ని బజార్లు పెట్టినా గిట్టుబాటు ధర రాదన్నది నా వాదన.

బజారు చేసిన మేలు ముందు చెప్పుకోవాలి. కర్ణాటకలో మండ్య జిల్లా పల్లెలో, అంతకుముందు కెమెరా ముఖం చూడని ఊరివాళ్లతో రామ్ రెడ్డి తీసిన 'తిథి' గోవా బజారులో ఇంకా పూర్తికాని సినిమాలను సరిదిద్దే వర్క్ ఇన్ ప్రోగ్రెస్ ల్యాబ్ మీదుగా 2015లో లొకార్నో చిత్రోత్సవానికి వెళ్లి బహుమతులు తెచ్చుకుంది. మరుసటి ఏడు కర్ణాటక థియేటర్లలో జనం టికెట్టు కొనుక్కుని చూశారు. రీమా దాస్ సొంత ఊళ్లో తానే రాసి, తానే కెమెరా పట్టి, తానే ఎడిట్ చేసుకున్న అస్సామీ చిత్రం 'విలేజ్ రాక్‌స్టార్స్' కూడా గోవా బజారులో నలుగురి కంటా పడ్డాకే 2017లో టొరంటోకు చేరింది. 2018లో జాతీయ ఉత్తమ చిత్రమైంది, ఆ ఏడాది మన దేశం తరఫున ఆస్కార్ బరికీ వెళ్లింది. ఊళ్లో ఒంటరిగా సినిమా తీసుకున్న మనిషికి చేయి తిరిగిన ఎడిటరు పక్కన కూర్చుని ఎక్కడ కథ జారుతోందో చెప్పడం చిన్న సాయం కాదు. సినిమా బాగుపడటానికీ, ఎవరో ఒకరు చూడటానికీ ఈ బజారు కచ్చితంగా ఉపయోగపడింది.

అయితే ఈ విజయాలన్నింటిలో గోవా నుంచి సినిమా పట్టుకెళ్లింది ప్రధానంగా సిఫారసు. డబ్బు తర్వాతి సంగతి, సొంతవాళ్లు చూడటం ఇంకా తర్వాతి సంగతి. పి.ఎస్. వినోద్‌రాజ్ తమిళ చిత్రం 'కూళాంగల్' గోవా బజారులో కనబడ్డాక విఘ్నేశ్ శివన్, నయనతారల రౌడీ పిక్చర్స్ దాన్ని భుజానికెత్తుకుంది. 2021 ఆరంభంలో రాటర్‌డామ్‌లో టైగర్ అవార్డు వచ్చింది, అదే ఏడు ఆస్కార్‌కు దేశం తరఫున ఎంపికైంది. ఇంత జరిగినా మామూలు తమిళ ప్రేక్షకుడు దాన్ని ఇంట్లో కూర్చుని సోనీ లివ్‌లో చూడగలిగింది 2023 అక్టోబరులో. 2022లో బూసాన్‌లో న్యూ కరెంట్స్ అవార్డు గెలిచిన కన్నడ చిత్రం 'శివమ్మ' వెనక రిషబ్ శెట్టి లాంటి పేరున్నా, కర్ణాటకలో విడుదల కావడానికి ఏడాదిన్నర దాటింది. మన తెలుగుకు వస్తే, రజనీష్ దోమలపల్లి తీసిన 'వనజ' 2007లో బెర్లిన్‌లో ఉత్తమ తొలి చిత్రం బహుమతి గెలిచింది, అమెరికా థియేటర్లలో ఆడింది. ఇవాళ హైదరాబాద్‌లో సినిమా పిచ్చి ఉన్నవాళ్లను అడిగినా ఆ పేరు విన్నవాళ్లు కొద్దిమందే. మూడు భాషల్లో, పదిహేనేళ్ల తేడాతో ఒకే కథ మళ్లీమళ్లీ జరుగుతోందంటే తప్పు సినిమాల్లో ఉండే అవకాశం తక్కువ.

విదేశీ అమ్మకం మీద బతకవచ్చు కదా అంటే, ఆ లెక్క కూడా చూద్దాం. అంకెలు ఊహించినవే, పద్ధతి మాత్రం వ్యాపారంలో ఉన్నదే. కోటి రూపాయలతో తీసిన సినిమాను సేల్స్ ఏజెంటు ఒక యూరప్ టీవీకీ, ఒక చిన్న డిస్ట్రిబ్యూటర్‌కూ కలిపి 30 లక్షలకు అమ్మాడనుకుందాం. కమిషన్ పావు వంతు, అంటే ఏడున్నర లక్షలు. పోస్టర్లు, మార్కెట్లలో ప్రచారం, ప్రయాణాల ఖర్చు ఎనిమిది లక్షలు ముందే మినహాయించుకుంటాడు. మిగిలిన పద్నాలుగున్నర లక్షల్లోంచి డీసీపీలనే డిజిటల్ ప్రింట్లు, సబ్‌టైటిళ్లు, పాటల హక్కుల కాగితాలు, కొనేవాళ్లు అడిగే ఇన్సూరెన్స్ తీసేస్తే నిర్మాత చేతికి పది లక్షలు వస్తే గొప్ప. అదీ వాయిదాల్లో వస్తుంది. పెట్టుబడిలో పదో వంతు తెచ్చే అమ్మకాన్ని గౌరవం అనుకోవాలి తప్ప ఆదాయం అనుకోలేం.

మరి సొంతగడ్డ మీద పరిస్థితి ఏమిటి? తెలుగు సినిమా వ్యాపారం ఏరియాల లెక్కన నడుస్తుంది. నైజాం, సీడెడ్, ఆంధ్రా, ఓవర్సీస్ అని హక్కులు కోసి అమ్ముతారు. బయ్యరు చూసేది హీరో ఎవరు, దర్శకుడి గత సినిమా ఎంత షేర్ తెచ్చింది, బ్యానర్ ఏది అని. ఈ మూడూ లేని సినిమాకు ఎంజీ (మినిమం గ్యారంటీ) ఇచ్చేవాడుండడు, తిరిగి ఇవ్వాల్సిన అడ్వాన్సు కూడా పుట్టదు. మిగిలేది ఓన్ రిలీజు. థియేటర్ రెంటు, ప్రొజెక్షన్ ఛార్జీలు, పోస్టర్లు అన్నీ నిర్మాత నెత్తినే. శుక్రవారం ఉదయం ఆటకు జనం పలచగా ఉంటే సోమవారానికి హాల్లో వేరే బొమ్మ పడుతుంది. నోటిమాట పాకడానికి వారం పట్టే సినిమాకు మూడు రోజులు దక్కుతాయి. వరికి మద్దతు ధరా, ఊళ్లో కొనుగోలు కేంద్రమూ ఉంటేనే మార్కెట్ యార్డులో రైతు నోరు విప్పి బేరమాడగలడు. ఆ రెండూ లేనిచోట వ్యాపారి చెప్పిందే రేటు. మన స్వతంత్ర సినిమా గోవాకు వెళ్లినా, కాన్‌కు వెళ్లినా అలా చేతులు కట్టుకునే నిలబడుతోంది. ఇంటి దగ్గర ఒక ధర పలికిన సరుకు బయట గౌరవంగా అమ్ముడవుతుంది. ల్యాబులూ, అవార్డులూ, ఆహ్వానాలూ ఎన్ని ఉన్నా ఆ ఒక్కటీ లేకపోవడం అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టే.

ఒకప్పుడు అలాంటి ధర ఇచ్చే సంస్థ మనకు ఉండేది. ఇళ్లల్లో దూరదర్శన్ ఒక్కటే వచ్చే రోజుల్లో ఆదివారం మధ్యాహ్నం ప్రాంతీయ భాషా చిత్రం వేసేవారు. ఒక వారం మలయాళం, ఇంకో వారం ఒడియా, మరో వారం అస్సామీ, కింద ఇంగ్లీషులో సబ్‌టైటిళ్లు. ఆ భాష రానివాళ్లు కూడా టీవీ ముందు కూర్చుని చూసేవారు. ప్రసారానికి నిర్మాతకు ఫీజు ముట్టేది. జాతీయ అవార్డు వచ్చిన సినిమాకు ఆ అవకాశం ఉంటుందన్న ధైర్యం ఉండేది కాబట్టి థియేటర్ దొరకకపోయినా అప్పులవాళ్లకు కొంతైనా సమాధానం చెప్పగలిగేవారు. ఇదేమీ స్వర్ణయుగం కాదు. ఫీజు ఆలస్యమయ్యేది, ఎంపికలో పైరవీలున్నాయన్న ఆరోపణలూ ఉండేవి. అయినా దేశంలోపలే ఒక కొనుగోలుదారు ఉన్నాడన్నది ఆ తరం దర్శకులకు నేల లాంటి నిజం. శాటిలైట్ ఛానళ్లు వచ్చాక ఆ ఆదివారాలు పోయాయి. బజారు 2007లో వచ్చింది. అంటే కొనేవాడు తప్పుకున్నాక అంగడి తెరిచాం.

కొనేవాడిని నిలబెట్టుకున్న దేశమూ ఉంది. ఫ్రాన్సులో ప్రతి సినిమా టికెట్టు మీద సుమారు 10.7 శాతం పన్ను సీఎన్‌సీ అనే జాతీయ సినిమా కేంద్రానికి వెళ్తుంది. హాలీవుడ్ సినిమా టికెట్టు కూడా ఇందుకు మినహాయింపు కాదు. టీవీ ఛానళ్లు సినిమాల్లో పెట్టుబడి పెట్టి తీరాలన్న నిబంధన కూడా ఉంది. 2024లో కాన్‌లో గ్రాండ్ ప్రీ గెలిచిన పాయల్ కపాడియా చిత్రం 'ఆల్ వీ ఇమాజిన్ యాజ్ లైట్' ముంబయిలోని మలయాళీ నర్సుల కథ. మాటలు ఎక్కువగా మలయాళం, హిందీ. దాని ప్రధాన నిర్మాత ఫ్రాన్సువాడు, వెనక డబ్బులో సీఎన్‌సీ సాయమూ, ఆర్టే ఛానల్ భాగమూ ఉన్నాయి. పారిస్‌లో ఎవరో కొన్న టికెట్టులోంచి కొన్ని పైసలు రత్నగిరి తీరం దాకా నడిచే ఆ కథకు చేరాయన్నమాట. ఇక్కడ దాన్ని థియేటర్లకు తెచ్చింది రానా దగ్గుబాటి స్పిరిట్ మీడియా. 2025లో సన్‌డాన్స్‌లో వరల్డ్ సినిమా విభాగం గ్రాండ్ జ్యూరీ బహుమతి పొందిన మరాఠీ చిత్రం 'సాబర్ బోండ'నూ ఆ సంస్థే విడుదల చేసింది. అంతకుముందు 2018లో 'కేరాఫ్ కంచరపాలెం' రానా సమర్పణలోనే జనానికి చేరింది. ఆయన అభిరుచిని మెచ్చుకోవాల్సిందే. కానీ ఒక పరిశ్రమలో చిన్న సినిమా భవిష్యత్తు ఒకరిద్దరి అభిరుచి మీద ఆధారపడితే దాన్ని అదృష్టం అంటారు, వ్యవస్థ అనరు.

వ్యవస్థ అంటే ఏమిటో చెప్పకుండా వదిలేస్తే వాదన సగమే. రెండు తెలుగు రాష్ట్రాలూ ఏటా ఒక సంఖ్య ప్రకటించాలి, ఇన్ని తెలుగు స్వతంత్ర సినిమాలు కొంటామని. ధర ముందే నిర్ణయించాలి. కొనేది పూర్తి హక్కులు కాదు. రెండేళ్లపాటు గ్రంథాలయాల్లో, కళాశాలల్లో, జిల్లా కేంద్రాల్లోని ప్రభుత్వ ఆడిటోరియాల్లో, ప్రభుత్వ నెట్‌వర్కుల్లో చూపించుకునే హక్కు మాత్రమే. థియేటర్, ఓటీటీ, విదేశీ హక్కులు నిర్మాత దగ్గరే ఉంటాయి. సినిమాకు పాతిక లక్షల చొప్పున ఇరవై సినిమాలు కొన్నా ఏడాదికి ఐదు కోట్లు. అగ్రహీరో ఒక సినిమాకు తీసుకునే పారితోషికంలో ఇది చిన్న ముక్క. డబ్బెక్కడిది అంటే, 2017లో వినోదపు పన్ను జీఎస్టీలో కలిసిపోయింది, 100 రూపాయలు దాటిన టికెట్టు మీద 18 శాతం వసూలవుతోంది, అందులో సగం రాష్ట్రానిదే. ఆ వాటాలో రవ్వంత పక్కన పెడితే చాలు. కేరళ 2024 మార్చిలో సీ స్పేస్ అనే సొంత ఓటీటీ తెచ్చింది. 75 రూపాయలకు సినిమా చూపించి సగం నిర్మాతకిస్తుంది. అంతకుముందే 2023లో ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ 99 రూపాయలకు ఇంట్లోనే కొత్త సినిమా అంటూ మొదలుపెట్టింది. రెండూ మంచి ప్రయత్నాలే అయినా చూసినవాడు డబ్బిస్తేనే నిర్మాతకు డబ్బు. నష్టభయం మళ్లీ అతని మీదే. నేను అడుగుతున్నది ఆ భయంలో కొంత పంచుకునేవాడిని.

జనం చూడని సినిమాకు జనం పన్ను ఎందుకని అడిగేవారుంటారు. ప్రశ్న న్యాయమైనదే. కానీ జనం చూడలేదని చెప్పాలంటే వాళ్ల ముందు సినిమా పెట్టి ఉండాలి. 'కేరాఫ్ కంచరపాలెం'లో నటించింది చాలావరకు విశాఖలోని ఆ పేటవాళ్లే. స్టార్ లేడు. వెనక థియేటర్లున్న సంస్థ నిలబడి ఆటలు దక్కించింది, జనం వచ్చారు. తెలుగు ప్రేక్షకుడి అభిరుచి మారలేదనడానికి ముందు అతనికి ఇచ్చిన అవకాశాలు లెక్కపెట్టాలి. ఓటీటీలు ఉన్నాయి కదా అనేది రెండో మాట. 2021లో 'సినిమా బండి' నెట్‌ఫ్లిక్స్‌లో నేరుగా వచ్చింది నిజమే, దాని వెనక పేరున్న దర్శక ద్వయం రాజ్, డీకే ఉన్నారు. కరోనా కాలపు ఆత్రం తగ్గాక ఓటీటీలు కూడా థియేటర్ ఫలితం చూశాకే మాట్లాడుతున్నాయి. థియేటర్ దొరకని సినిమాకు ఆ ఫలితం ఎక్కడి నుంచి వస్తుంది?

బలమైన అభ్యంతరం ఇంకొకటి. ప్రభుత్వం కొంటే తనవాళ్లవీ, తనను పొగిడినవీ కొంటుంది. అందుకే ఎంపిక కమిటీ అసలు ఉండకూడదంటాను. ముందే ప్రకటించిన పది పదిహేను ఉత్సవాల్లో ఎంపికైనా, గోవా బజారు ల్యాబుల్లోంచి వచ్చినా, జాతీయ అవార్డు అందుకున్నా ఆ సినిమాకు ధర దానంతటదే రావాలి. సీఎన్‌సీ సాయంలోనూ ఒక భాగం ఇలా నిబంధన ప్రకారం ఆటోమేటిక్‌గానే అందుతుంది. ఉత్సవాల జాబితానే ప్రమాణంగా పెట్టుకుంటే విదేశీ ఉత్సవాల రుచికే తలొగ్గినట్టు కాదా, పేదరికాన్ని అమ్ముకునే సినిమాలే రావా అని కొందరు అంటారు. 1980లో రాజ్యసభ సభ్యురాలిగా ఉన్న నర్గీస్ సత్యజిత్ రాయ్ మీద వేసిన నింద ఇదే. 'తిథి' కడుపుబ్బ నవ్వించే సినిమా అన్న సంగతి అలా ఉంచుదాం. పరదేశి రుచి పెత్తనం చేసేది పరదేశి ఒక్కడే కొంటున్నప్పుడు. ఇంటి దగ్గర పెట్టుబడిలో నాలుగో వంతు ఖాయమైన దర్శకుడికి పారిస్ ఏజెంటు చెప్పిన మార్పుకు కాదనే స్థోమత వస్తుంది. ఉత్సవాల జాబితాతో మొదలుపెట్టి, నాలుగైదేళ్లలో ఫిల్మ్ సొసైటీలూ విశ్వవిద్యాలయాలూ సొంతంగా పేర్లు పంపే దశకు రావచ్చు.

గోవా బజారు ముగిసిన ప్రతిసారీ ఎన్ని దేశాల ప్రతినిధులు వచ్చారు, ఎన్ని ప్రాజెక్టులు ప్రదర్శించారు అని ప్రకటనలు వెలువడతాయి. పత్రికలు అవే అచ్చేస్తాయి. ఇకపై ఆ ప్రకటనల్లో ఒక వరస అదనంగా అడగాలి. హైదరాబాద్, చెన్నై, కొచ్చి, బెంగళూరు, గువాహటి నుంచి వచ్చి సంతకం చేసిన కొనుగోలుదారులు ఎందరు, సగటున ఎంతకు కొన్నారు అని. ఆ గడిలో సున్నా ఉన్నంతకాలం అది సినిమాల ఎగ్జిబిషనే. అక్కడ అంకె పడటం మొదలైన ఏడాది దాన్ని బజారని పిలుద్దాం. అందులో తెలుగువాళ్ల అంకె ముందు పడాలంటే కదలాల్సింది గోవా కాదు, హైదరాబాదూ అమరావతీ.