ఆలస్యం ఆమె తప్పా?

‘‘ముందే చూపించుకుని ఉంటే ఇంతదాకా వచ్చేదా సిస్టర్?’’ క్యాన్సర్ వార్డుల్లో ఈ ప్రశ్న డాక్టర్ల కంటే నర్సులకే ఎక్కువగా ఎదురవుతుంది. రౌండ్స్ అయిపోయాక, కీమో ఎక్కుతున్న వేళ, పక్కన బంధువులెవరూ లేనప్పుడు రోగి గుండె చిక్కబట్టుకుని అడుగుతుంది. అప్పుడు ‘‘ఇంత ముదరబెట్టుకున్నావేం?’’ అన్న మాట ఏ నర్సు నోటా రాకూడదు. ‘‘అంతా తలరాతమ్మా’’ అనీ దాటవేయకూడదు. మొదటిది పుండు మీద కారం. రెండోది అబద్ధం.

30 ఏళ్లు దాటినవారికి ఐదేళ్లకోసారి నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షలు చేయాలని కేంద్రం 2016లోనే మార్గదర్శకాలిచ్చింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి 30-49 ఏళ్ల మహిళల్లో గర్భాశయ ముఖద్వార పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నది 1.9 శాతం. రొమ్ము పరీక్ష 0.9 శాతమే. నూటికి 98 మంది తప్పిపోయారంటే అది వాళ్ల అశ్రద్ధ ఎలా అవుతుంది? ఒక రోజు కూలి పోతుందని, మగ డాక్టర్ చూస్తాడేమోనని, నొప్పి లేని గడ్డకు ఆస్పత్రెందుకని ఆగిపోయిన ఆడమనిషి గడపకు ప్రభుత్వమే వెళ్లాల్సింది.

అందుకే నర్సు ముందు రోగి బాధను అడ్డుపడకుండా వినాలి. పరీక్ష మానడం వల్ల జబ్బు రాలేదని, ముందే తెలిసుంటే ఏమయ్యేదో ఎవరూ కచ్చితంగా చెప్పలేరని, ఇప్పుడు చేయగలిగిన వైద్యం ఇదీ అని నిజాయితీగా చెప్పాలి. ‘‘మరి మా అమ్మాయికి చూపించాలా?’’ అని చాలామంది తల్లులు తామే అడుగుతారు. జవాబు అప్పటికి సిద్ధంగా ఉండాలి.

అయితే రాత్రి డ్యూటీలో వార్డంతా ఒక్కరి మీదే వదిలేసి, ఓపిగ్గా మాట్లాడలేదని ఆ నర్సును తప్పుపట్టడం అన్యాయం. ఇక పరీక్షల సంగతికొస్తే, ముంబైలో టాటా మెమోరియల్ ఆస్పత్రి సుమారు లక్షన్నర మంది మహిళలతో చేసిన అధ్యయనంలో, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఎసిటిక్ యాసిడ్ పూసి కంటితో చూసే చవకైన పరీక్షతోనే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి. వాళ్లు చేయగలిగింది మన నర్సులు చేయలేరా?

రెండు తెలుగు రాష్ట్రాలూ క్యాన్సర్ వార్డుల్లో నర్సుల ఖాళీలు నింపాలి. ఇలాంటి మాటలు ఎలా మాట్లాడాలో శిక్షణ ఇవ్వాలి. రోగి వెంట వచ్చిన అక్కచెల్లెళ్లలో, కూతుళ్లలో పరీక్ష వయసు వచ్చినవారికి అదే రోజు, అదే ఆస్పత్రిలో, డాక్టర్ చీటీ కోసం ఆగకుండా పరీక్ష చేసే అధికారం నర్సులకివ్వాలి.