ఆరడుగుల హీరో, కొల్లేటి పేరంటాలు

కిందటేడాది తాడేపల్లిగూడెంలో ఒక సాహిత్య సభకి వెళ్లాను. నవల గురించి నలుగురం మాట్లాడాలి. నా వంతు అయిపోయి కూచోగానే వేదిక మీదున్న ఒక పెద్దాయన మైకు దగ్గరికి లాక్కుని, రంగనాయకమ్మ గారు పుట్టిన నేల మీద నిలబడి, పిల్లలకి తెలుగు పాఠాలు చెప్పుకునే ఒకావిడ దెయ్యాల ప్రేమకథలు రాస్తున్నానని చెప్పుకోవడం... అంటూ మాట మధ్యలో వదిలేశారు. మిగతాది సభ నవ్వి పూర్తి చేసింది. నేనూ నవ్వాను. నలుగురిలో పరువు నిలుపుకోడానికి మనకి నేర్పిన విద్య అదొక్కటే కదా! రాత్రి ఏలూరు తిరిగొచ్చే రైల్లో భీమడోలు దాటేదాకా, నవ్వినందుకు నా మీద నాకే ఒళ్లు మండింది. ఇంటికి రాగానే ఫోను. ముందు వరసలో కూచున్న నా స్నేహితురాలు, మంచి కథకురాలు. "ఆయన అన్న తీరు బాగాలేదు గానీ, అన్నదాంట్లో తప్పేముందే? నువ్వు రాయాల్సినవి అవా?" అంది. ఆయనకి జవాబు చెప్పకపోయినా బతగ్గలను. ఈమెకి చెప్పాలి.

ముందు ఒప్పుకోవాల్సింది ఒప్పుకుంటాను. రంగనాయకమ్మ గారు 1939లో పుట్టిన బొమ్మిడి గూడేనికి దగ్గరే. యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' ఆంధ్రభూమి వారపత్రికలో వచ్చి రాష్ట్రమంతా ఊగిపోయినప్పుడు, దాని మీద 'తులసిదళం కాదు, గంజాయి దమ్ము' అని ఆమె ఏకంగా పుస్తకమే రాశారు. మొదటిది నేను పదమూడేళ్లప్పుడు బియ్యం డబ్బా వెనక దాక్కుని చదివాను. కాష్మోరా భయంతో వారం రోజులు చీకటిపడ్డాక దొడ్లోకి ఒంటరిగా వెళ్లలేదు. రెండోది డిగ్రీలో ఉండగా చదివి, ఆ భయపడ్డ పిల్లని తల్చుకుని సిగ్గుపడ్డాను. ఆ విమర్శలో బలం ఉంది. తెలంగాణ పల్లెల్లో చేతబడి అనుమానంతో పళ్లూడగొట్టించుకున్న, దెబ్బలు తిని చచ్చిపోయిన మనుషులున్నారు. వాళ్లకి కాష్మోరా కాలక్షేపం కాదు. 2021 జనవరిలో మదనపల్లెలో బాగా చదువుకుని, పాఠాలు చెప్పే తల్లిదండ్రులే ఎదిగిన కూతుళ్లిద్దర్నీ చంపి, మళ్లీ బతికి వస్తారని నమ్మారు. ఆ వార్త చదివిన రోజు, రాస్తున్న నవలలోంచి ఒక అధ్యాయం మొత్తం తీసి పక్కన పడేశాను. అందులో కొల్లేట్లో మునిగిన పిల్ల తొమ్మిదోనాడు ప్రాణాలతో లేచి వస్తుంది. ఎంత బాగా రాశానో అది! అయినా తీసేశాను. అప్పట్నుంచీ నాకొక కట్టుబాటు. చచ్చినవాళ్లు నా కథలోకి రావచ్చు, ప్రాణంలోకి రాకూడదు. మంత్రానికీ ముడుపుకీ ఫలితం ఉండకూడదు. నా నవలల్లో దెయ్యం ఉంటుంది, భూతవైద్యుడుండడు.

ఇంతవరకూ ఆ పెద్దాయనతో నాకు పేచీ లేదు. కానీ నా మొదటి నవల నిజంగా చేసిన చెరుపు ఆయనకి కనపడనే లేదు. అది దెయ్యం వల్ల జరగలేదు.

ఆ నవల ఒక వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. కైకలూరులో ఇంటర్ రెండో ఏడాది చదివే అమ్మాయి. అరవయ్యేళ్ల కిందట ఉప్పుటేరులో మునిగి పోయిన పంతొమ్మిదేళ్ల కుర్రాడు. వాడు రాత్రిళ్లు ఆమె కిటికీ దగ్గర నిలబడి, ఆమె నిద్రపోతుంటే చూస్తూ ఉంటాడు. ఆమె వెంటపడ్డవాళ్ల బళ్లు చెరువుగట్ల మీంచి జారిపోతాయి. ఆమె ఎక్కడికెళ్లాలో ఎక్కడికి వెళ్లకూడదో వాడికే తెలుసు. ఉత్తరాలు సంచులకొద్దీ వచ్చాయి. నేను పొంగిపోయాను, అబద్ధమెందుకు.

పుస్తకంగా వచ్చిన రెండేళ్లకి, మా కాలేజీ పిల్ల కాదు, ఎవరో అమ్మాయి స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గర నిలబడింది. చేతిలో నా నవల. సంతకానికి అనుకుని పెన్ను తీశాను. "మేడమ్, ఆ అబ్బాయి చెప్పకుండా కిటికీ దగ్గర నించుంటే అది ప్రేమేనని ఆ అమ్మాయికి ఎలా తెలిసింది?" అనడిగింది. ఎనిమిది నెలలుగా ఒక కుర్రాడు వాళ్లింటి ఎదురుగా కిళ్లీకొట్టు దగ్గర నిలబడుతున్నాడు. కాలేజీ బస్సు వెనకే బండి మీద వస్తున్నాడు. ఆమెతో మాట్లాడిన క్లాసు కుర్రాణ్ణి ఒకసారి కొట్టాడు కూడా. ఇంట్లో చెబితే చదువు మానిపిస్తారు. స్నేహితురాళ్లేమో "నీ అదృష్టమే" అంటున్నారు. వాళ్లందరూ నా నవల చదివారు.

ఎలా తెలిసింది? నేను రాశాను కాబట్టి తెలిసింది. అంతకుమించి నా దగ్గర జవాబు లేదు. ఏదో చెప్పాను, జాగ్రత్త అనో, పోలీసులనో. ఆ తర్వాత నాలుగు నెలలకి చదువు మానిపించి మేనమామ ఇంటికి పంపేశారని విన్నాను. కుర్రాడు కిళ్లీకొట్టు దగ్గరే ఉన్నాడు, వేరే ఇంటి ఎదురుగా.

2008 డిసెంబరులో వరంగల్‌లో ఇంజనీరింగ్ చదివే ఇద్దరమ్మాయిల మీద యాసిడ్ పోశారు, ఒకమ్మాయి కాదన్నందుకు. అప్పుడు మనమందరం రోడ్ల మీదికి వెళ్లాం, వ్యాసాలు రాశాం. ఆ చేతికి వెనక ఎన్ని సినిమాలున్నాయో లెక్క కట్టాం. నవలల్ని మాత్రం మర్యాదగా వదిలేశాం. అందులోనూ ఆడవాళ్లు రాసిన నవలల్ని.

యద్దనపూడి సులోచనారాణి గారిని తక్కువ చేసి మాట్లాడేవాళ్లంటే నాకు పడదు. 1960లలో 'సెక్రటరీ' చదివి, ఉద్యోగానికి వెళ్లే ఆడపిల్లని నవల మధ్యలో చూసుకున్న వాళ్లలో మా అమ్మ ఒకర్తి. కానీ జయంతిని పక్కన పెట్టి రాజశేఖరాన్ని చూడండి. అన్నీ తెలిసినవాడు, ఏదీ అడగనివాడు. అక్కడ ఒక్క దెయ్యమూ లేదు, హేతువాదులెవరూ వేలెత్తి చూపలేరు. ఆ ఆరడుగుల హీరోనే నేను తీసుకెళ్లి కొల్లేట్లో ముంచి, దెయ్యాన్ని చేసి కిటికీ దగ్గర నిలబెట్టాను.

దూరదేశాల్లోనూ ఇదే సంగతి. అమెరికాలో స్టెఫనీ మేయర్ 2003 జూన్‌లో తనకొచ్చిన ఒక కలలోంచి 'ట్విలైట్' పుట్టిందని చెప్పింది. 2005లో పుస్తకం వచ్చింది. అందులో హీరో 1901లో పుట్టిన రక్తపిశాచి. ఎప్పటికీ పదిహేడేళ్లే. హీరోయిన్‌కి తెలియకుండా రాత్రిళ్లు ఆమె గదిలోకి వచ్చి నిద్రలో చూస్తూ ఉంటాడు. బ్రామ్ స్టోకర్ 1897లో రాసిన 'డ్రాకులా'లో ఆ పిశాచికి ఒక నియమం ఉంది. ఇంట్లోవాళ్లెవరైనా మొదటిసారి రమ్మని పిలవందే గడప దాటలేడు. వందేళ్లు గడిచి, మధ్యలో ఓటుహక్కులూ స్త్రీవాద ఉద్యమాలూ అన్నీ జరిగాక, రక్తపిశాచి ప్రేమికుడయ్యేసరికి ఆ నియమం ఎగిరిపోయింది! పిలవకుండా రావడమే ప్రేమకి గుర్తు అయింది. రక్తం తాగే దుర్మార్గుడికున్న మర్యాద ప్రేమించేవాడికి లేకుండా పోవడం ఏవిటో నాకిప్పటికీ అర్థం కాదు.

అయితే అతీంద్రియాన్ని వదిలేసి మామూలు ప్రేమకథ రాయొచ్చుగా అని నా స్నేహితురాలంటుంది. వదలను. మా లంకల్లో మామూలు ప్రేమకథ లేదు. ట్విలైట్‌లో అమ్మాయిదీ అబ్బాయిదీ వేరు వేరు జాతి. అదే అడ్డంకి. మనకా అడ్డంకిని ఊహించుకోనక్కర్లేదు, ఊరికీ పేటకీ మధ్య ఉంది. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో గర్భిణి అయిన భార్య కళ్లెదుటే ఒక దళిత యువకుణ్ణి నరికేశారు, ఆమె తండ్రి డబ్బిచ్చి చేయించాడు. ఇక పదహారూ పదిహేడేళ్ల పిల్లల సంగతి. 2012లో పోక్సో చట్టం పిల్లల్ని కాపాడ్డానికే వచ్చింది, రావాల్సిందే. కానీ కూతురు ఇష్టపడి వేరే కులం కుర్రాడితో వెళ్లినప్పుడు అదే చట్టం తండ్రి చేతిలో కర్ర కూడా అయింది. ఈ పిల్లలు ఒకళ్లనొకళ్లు ఇష్టపడ్డారని రాస్తే పత్రిక ఎడిటరు మొదట అడిగేది కులాలు రాశారా అని. దెయ్యమని రాస్తే అడగడు. మావాళ్లు మాత్రం చదవగానే పోల్చుకుంటారు. ఊరి చెరువులో నీళ్లు తాగకూడని దెయ్యం ఎవరో లంకల్లో పిల్లలకి ఒకరు చెప్పాలా?

ఇంకో కారణం మా అమ్మమ్మ. వాళ్లది కొల్లేటి లంక. కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ జాతరకి తాటిదోనెలో తీసుకెళ్తూ, కిక్కిస దుబ్బుల మధ్య దోనె నడుస్తుంటే ఆ కథ చెప్పేది. గజపతుల కాలంలో కొల్లేటికోట మీదికి శత్రువు వచ్చాడట. చుట్టూ నీళ్లు, కోట అందడం లేదు. సరస్సు నీళ్లన్నీ సముద్రంలోకి పోవాలని కాలవ తవ్వించాడు. అదే ఉప్పుటేరు. అప్పుడు గెలుపు కోసం ఒక సేనాని కన్నకూతుర్ని బలిచ్చాడు. అందుకే ఆ కాలవకి పేరంటాల కనుమ అని పేరొచ్చింది. ఈ కథ నేను చాలామంది నోట విన్నాను. చెప్పేవాళ్లని బట్టి తండ్రి ఏ పక్షం వాడో మారుతుంది, కూతురు మాత్రం మారదు.

"ఆ పిల్ల ఏమంది అమ్మమ్మా?" అనడిగాను ఒకసారి.

"ఏమంటుందే, పేరంటాలయింది."

అమ్మమ్మ కథలో ఆ పిల్లకి పేరు లేదు. పేరంటాలు అన్నది పేరు కాదు, పదవి. చచ్చిపోతే ఇచ్చేది. మన దగ్గర ఆడపిల్లకి శక్తి రావాలంటే ముందు ప్రాణం పోవాలి. 2009లో వచ్చిన 'అరుంధతి' సినిమా చూసి నా స్నేహితురాళ్లు చప్పట్లు కొట్టారు. అందులోనూ జేజమ్మ తన ఎముకలు ఆయుధమవ్వాలని చచ్చిపోతుంది. బతికుండగా మానవాతీతురాలైతే ఏమవుతుందో 1990లో 'జగదేకవీరుడు అతిలోకసుందరి' చూపించింది. ఉంగరం పోగొట్టుకుని, అది దొరికినవాడి చుట్టూ తిరుగుతుంది. మగ దెయ్యానికి ఉన్న స్వేచ్ఛ దేవకన్యకి లేదు. మన స్త్రీవాద విమర్శ పురాణ స్త్రీలందర్నీ తిరగరాసింది, సీతనీ శూర్పణఖనీ అహల్యనీ. మంచిదే. పదహారేళ్ల పేరులేని పేరంటాళ్లని మాత్రం మూఢనమ్మకాల పద్దులో రాసేసి ముందుకు వెళ్లిపోయింది. వాళ్ల కథ అడగాలంటే దెయ్యాన్ని మాట్లాడించాల్సిందే. ఇంకో దారి నాకు తెలీదు.

ఎలా రాస్తానని సభల్లో అడుగుతారు. కలలేమీ రావు. ఆదివారాలు ఆటపాకలో గూడబాతుల్ని చూస్తూ కూచుంటాను. చెరువుల మీద కాపలా ఉండే వాళ్లతో, తెల్లారకుండా రొయ్యల కంపెనీ బస్సెక్కే ఆడపిల్లలతో మాట్లాడతాను. నా దెయ్యాలు ఎక్కడపడితే అక్కడ తిరగవు. 1999లో కొల్లేటిని అభయారణ్యంగా ప్రకటించిన ఐదో కాంటూరు లోపలే, ఆ 308 చదరపు కిలోమీటర్లలోనే ఉంటాయి. (ఇది నవ్వులాటకి మొదలుపెట్టాను. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టినప్పుడు, ఇళ్లముందు కూచుని ఏడ్చిన ఆడవాళ్లని చూశాక నవ్వు రాలేదు. సరస్సు ఊపిరి పీల్చుకోవాలి, నిజమే. కూలికెళ్లే ఆడవాళ్లకి మాత్రం రెండుసార్లూ నీళ్లే అడ్డం, చెరువులు వచ్చినప్పుడూ పోయినప్పుడూ. ఆ నవల వేరే రాయాలి.)

ప్రతి అధ్యాయం రాశాక ముగ్గురమ్మాయిలకి చదివి వినిపిస్తాను. ఒకమ్మాయి డిప్లొమా, ఇద్దరు ఇంటర్. విమర్శకులకంటే వీళ్లంటేనే భయం. "మేడమ్, వాడు ఫోన్ లాక్ ఎందుకు అడిగాడు?" "ఆ అమ్మాయికి స్నేహితురాళ్లెవరూ లేరేంటి, వాడు రాగానే అందరూ ఏమైపోయారు?" అంటారు. ఒకసారి ముద్దు రాశాను, ముగ్గురూ కిసుక్కున నవ్వి, దాన్ని ఉంచమన్నారు. ఉంచాను. కోరికే లేని ఆడపిల్లలుగా వీళ్లని రాస్తే, రక్షణ పేరుతో ఇంట్లో పెట్టే గొళ్లెం నేను కూడా పెట్టినట్టే. ఆ కిటికీ దగ్గరి అమ్మాయి అడిగిందీ ప్రేమ వద్దని కాదు, ప్రేమని ఎలా గుర్తుపట్టాలని.

అందుకే ఇప్పుడు రాస్తున్నదాంట్లో దెయ్యం కుర్రాడికి డ్రాకులా నాటి నియమమే మళ్లీ పెట్టాను. పిలవందే రాలేడు. అడగొచ్చు, ఒక్కసారే. పేరంటాల కనుమ పిల్ల కూడా ఇందులో ఉంది. ఆమెకొక పేరు పెట్టాను, అది పుస్తకంలోనే చూద్దురు గాని. రాతప్రతి నా స్నేహితురాలికి పోస్టు చేశాను, చదివి తిట్టమన్నాను. ప్రస్తుతం కథ ఆగిపోయి ఉంది. వాడు అడిగాడు. ఆ అమ్మాయికి మర్నాడు ఫిజిక్స్ పరీక్ష, ఇంకా ఏమీ చెప్పలేదు. నాలుగు అధ్యాయాలుగా వాడు లంక అవతల, గుర్రపుడెక్క మధ్య ఆగిన దోనెలోనే కూచుని ఉన్నాడు.