ఛాంపియన్ కాకపోతే ఆడకూడదా?

పొద్దున్నే అయిదున్నరకి మా అమ్మాయిని స్కూటర్ వెనక కూర్చోబెట్టుకుని టెన్నిస్ క్లబ్బుకి తీసుకెళ్తాను. గేటు మీద 'రేపటి ఛాంపియన్లు ఇక్కడే తయారవుతారు' అని పెద్ద బోర్డు. అది చూసినప్పుడల్లా నాకు గుబులే.

మొన్న మా అత్తగారు అననే అన్నారు. "ఎండకి పిల్ల నల్లబడిపోతోంది. పోనీ సానియా మీర్జా అవుతుందా అంటే అదీ లేదు. వచ్చే ఏడు ఎనిమిదో తరగతి, ఇక మాన్పించెయ్యమ్మా" అని. మావారు పేపర్లోంచి తల ఎత్తలేదు. అంటే ఆయన ఓటు కూడా అటేనన్నమాట.

సానియా నా ఈడుదే. ఆరేళ్లకే హైదరాబాదులో రాకెట్ పట్టింది. తండ్రి దగ్గరుండి నేర్పించారు. 2005లో సొంత ఊళ్లోనే డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచినప్పుడు నేను డిగ్రీలో ఉన్నాను. హాస్టల్ టీవీ ముందు ఒకటే కేకలు! తర్వాత ఆరు గ్రాండ్‌స్లామ్ టైటిళ్లు, 2015లో డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్. అంతటి మనిషికీ సింగిల్స్‌లో దక్కిన అత్యుత్తమ ర్యాంకు 27. మరి ఛాంపియన్ అయితేనే ఆడాలంటే ఎంతమంది ఆడాలి?

నేనూ కాలేజీలో టెన్నికాయిట్ ఆడేదాన్ని లెండి. పెళ్లిచూపుల రోజున ఆ కప్పు తీసి బీరువాలో దాచేసింది మా అమ్మ.

ఫీజులు, బూట్లు, గట్టింగ్ ఖర్చు తక్కువేం కాదు, ఒప్పుకుంటాను. కానీ వీధిలో క్రికెట్ ఆడే మగపిల్లాణ్ణి "టెండూల్కర్‌వి అవుతావా?" అని ఎవరైనా ఆపుతున్నారా, మీరే చెప్పండి. ఈ లెక్క ఆడపిల్లకే వస్తుంది.

మా క్లబ్బులో పదేళ్ల లోపు పిల్లల్లో ఆడామగా సమానమే. పన్నెండు నిండినవాళ్లలో అమ్మాయిలు నలుగురే, మా అమ్మాయితో కలిపి. వాళ్లు బట్టలు మార్చుకోవడానికి గది లేదు. బాత్రూమ్ తలుపుకి గడియ లేదు. నెలసరి మొదలయ్యాక ఒక్కొక్కరే మానేశారు. మంచి సర్వీసు ఉన్న పిల్ల ఒకతి అలాగే వెళ్లిపోయింది. దాని రాకెట్ ఇప్పుడు తమ్ముడు తెచ్చుకుంటున్నాడు.

నిన్న క్లబ్బు సెక్రటరీగారిని గది సంగతి అడిగాను.

"నలుగురమ్మాయిల కోసం గదేమిటండీ?" అన్నారు.

గది లేకే నలుగురయ్యారని చెప్పి వచ్చాను. సోమవారం మళ్లీ వెళ్లి అడుగుతాను.