ఆరు గంటలకు క్యూలో ఎంతమంది ఉన్నారు?

భారత ప్రధాన ఎన్నికల కమిషనర్ గారికి,

బడిపంతులుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. బూత్‌లో టేబుల్‌కి అటువైపు ప్రిసైడింగ్ ఆఫీసరుగా (పీవో) కూర్చున్నాను, ఇటువైపు ఓటరుగా నిలబడ్డాను. కాబట్టి ఈ ఉత్తరం ఎవరి మీదా కోపంతో రాస్తున్నది కాదు. ఒక లెక్క అడగడానికి రాస్తున్నాను.

2024 మే 13న ఆంధ్రప్రదేశ్‌లో అసెంబ్లీకీ లోక్‌సభకూ ఒకేరోజు పోలింగ్ జరిగింది. ఏజెన్సీలోని కొన్ని నియోజకవర్గాలు తప్ప మిగతా అన్నిచోట్లా సాయంత్రం ఆరింటికి ముగియాలి. చాలాచోట్ల రాత్రి పొద్దుపోయేదాకా సాగింది. కొన్ని బూత్‌లలో అర్ధరాత్రి దాటినా జనం వరసలోనే ఉన్నారు. చివరికి 81.86 శాతం తేలింది. ఓటరు చైతన్యం వెల్లివిరిసిందని అందరూ మెచ్చుకున్నారు. ఆ మెప్పు వింటుంటే నాకు మాత్రం కాస్త ఇబ్బందిగా అనిపించింది. యూరియా బస్తా కోసం జనం ఆరు గంటలు నిలబడితే అది అధికారుల వైఫల్యం, మర్నాడు పేపర్లో ఫొటో. ఓటు కోసం అదే ఆరు గంటలు నిలబడితే చైతన్యం, దానికీ ఫొటోనే. నిలబడ్డ కాళ్లకు ఆ తేడా తెలియదు కదండీ.

ఆ రోజు మా బూత్ సంగతి చెప్తాను. హైస్కూలు వరండాలో రెండు వరసలు, మగవాళ్లదొకటి, ఆడవాళ్లదొకటి. షామియానా వేశారు, తప్పు చెప్పకూడదు. అయితే దాని నీడ పది మందికి సరిపోతుంది, వరసేమో గేటు దాటి రోడ్డెక్కింది. చేతిలోని ఓటరు స్లిప్పే విసనకర్ర. మంచినీళ్ల డ్రమ్ము పదకొండింటికల్లా అడుగంటింది. మధ్యాహ్నం ఎండకు వరస పలచబడింది, నాలుగు దాటాక ఒక్కసారిగా ఊరు ఊరంతా వచ్చిపడింది. హైదరాబాద్ నుంచి వచ్చిన కుర్రాళ్లు కొందరు నా వెనకే నిలబడ్డారు. ముందురోజు టోల్‌గేట్ల దగ్గర కార్ల బారులో గంటలకొద్దీ ఇరుక్కుని వచ్చినవాళ్లు, రాత్రికి మళ్లీ బస్సెక్కి మంగళవారం పొద్దున డ్యూటీలో ఉండాల్సినవాళ్లు. ఆడవాళ్ల వరసలో ఒక పెద్దామె నేలమీద చతికిలబడి, వరస కదిలినప్పుడల్లా చేతులమీద కాస్త ముందుకు జరుగుతోంది. ఎవరో వెళ్లి, "ముసలమ్మని ముందు పంపండి బాబూ" అంటే కానిస్టేబుల్ వెంటనే లోపలికి పంపించాడు. ఎవరో చెప్పేదాకా ఆమె అడగలేదు, అతను చూడలేదు. 85 ఏళ్లు దాటినవాళ్లకు ఇంటి దగ్గరే ఓటు వేయించే పద్ధతి పెట్టారు, చాలా మంచి పని. కానీ 70కీ 85కీ మధ్య ఉన్న మోకాళ్ల సంగతి దరఖాస్తు ఫారాలకు ఎక్కదు.

ఆరు కొట్టింది. అప్పుడు జరిగే తతంగం మీకు తెలిసిందే గాని, ఈ ఉత్తరం చదివే మిగతావాళ్ల కోసం చెప్తాను. 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాల ప్రకారం గడువు వేళకు వరసలో ఉన్న ప్రతివాళ్లకూ ఓటేసే హక్కుంది, రాత్రి ఎంతైనా సరే. అందుకని పీవో తన సంతకం పెట్టి, నంబర్లు వేసిన చీటీలు పంచుతాడు. పంచడం వరస మొదట్నించి కాదు, తోక నుంచి. అందరికంటే వెనక ఉన్నవాడికి ఒకటో నంబరు. అక్కణ్ణుంచి ముందుకు పంచుకుంటూ వస్తారు. తోక దగ్గర ఒక పోలీసు నిలబడతాడు, ఇక ఆ తర్వాత ఎవరు పరిగెత్తుకొచ్చినా లోపలికి రానివ్వరు. ఎంతో తెలివైన ఏర్పాటు. ముందునుంచి పంచుకుంటూ పోతే, పంచుతున్నంతసేపూ వెనకాల కొత్తవాళ్లు చేరుతూనే ఉంటారు. అయితే ఇది ఎవరికీ ముందుగా చెప్పరు. అందుకే ప్రతి బూత్‌లోనూ ఒక గొడవ: "నేను మూడింటికొస్తే నాకు 140 ఏంటి, ఇప్పుడొచ్చిన ఆయనకి 6 ఏంటి?" ఆ కుర్రాళ్లలో ఒకడు నాతోనే వాదం పెట్టుకున్నాడు. చీటీ నంబరు పిలిచే వరస కాదని నచ్చజెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

ఇప్పుడు అసలు విషయం. ఆ చీటీలు ఎన్ని పంచారో పీవో డైరీలో రాయాలి. దానికోసం ఒక గడే ఉంది. రెండేసి గంటలకు ఎన్ని ఓట్లు పడ్డాయో రాయడానికీ గడులున్నాయి. అంటే ఏ బూత్‌లో జనం ఏ వేళకు వచ్చారు, ఏ వేళకు పని నత్తనడక నడిచింది, గడువుకి ఎంతమంది ఇంకా నిలబడి ఉన్నారు, ఇవన్నీ మీ దగ్గర చేతిరాతతో సహా ఉన్నాయి. ఓటర్లు, ఓట్లు, పోలింగ్ శాతాలు అన్నీ ప్రకటిస్తారు. జనం ఎంతసేపు నిలబడ్డారన్నది మాత్రం ఎక్కడా కనపడదు.

ఈ లెక్క ఎందుకు కావాలంటే, క్యూ ఎక్కువగా కూడిక తీసివేతల వ్యవహారమే. పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఆరు దాకా 660 నిమిషాలు. 1,200 మంది ఓటర్లున్న బూత్‌లో 82 శాతం వస్తే 984 మంది. మనిషికి 40 సెకన్లు. ఆ 40 సెకన్లకొకరు చొప్పున పొద్దుట్నించీ ఆగకుండా బయటికి రావాలి. జాబితాలో పేరు వెతకాలి, ఏజెంట్లకు వినపడేలా చదవాలి, వేలికి సిరా పెట్టాలి, రిజిస్టర్లో సంతకమో వేలిముద్రో తీసుకోవాలి, చీటీ ఇవ్వాలి. ఆ తర్వాత పార్లమెంటుకొక మిషను, అసెంబ్లీకొక మిషను. ఒక్కో వీవీప్యాట్ కాగితం అద్దం వెనక ఏడు సెకన్లు కనపడుతుంది. ఒకరు సిరా దగ్గరుంటే ఇంకొకరు మిషను దగ్గర ఉంటారు, నిజమే. కానీ గొలుసులో ఏ ఒక్క కొక్కెం ఆగినా వెనకున్నవన్నీ ఆగుతాయి. రెండో మిషను దగ్గరికి వెళ్లడం మర్చిపోయి బయటికొచ్చేసిన మనిషిని వెనక్కి పిలవడానికే నిమిషం పడుతుంది. ఇదంతా జనం రోజంతా సమానంగా వస్తేనే. మే నెల ఎండలో మధ్యాహ్నం మూడు గంటలు తీసేసి లెక్క కట్టండి.

ఆంధ్రలో 4 కోట్ల 14 లక్షల ఓటర్లకు 46,389 పోలింగ్ కేంద్రాలు. సగటున కేంద్రానికి తొమ్మిది వందలలోపే. వినడానికి బాగుంది. క్యూలో నిలబడేది సగటు మనిషి కాదు, ఫలానా బూత్‌లోని ఫలానా మనిషి. మీరు 2025లో బూత్‌కి 1,200 మందికి మించకూడదన్నారు. అంతకుముందు ఏడాది 1,500 దాకా అనుమతించి, అది సుప్రీంకోర్టు దాకా వెళ్లిన సంగతి అందరికీ తెలుసు. తగ్గించినందుకు సంతోషం. కానీ దేశమంతటికీ ఒకే కొలత ఎందుకు? హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో అదే మే 13న సగం మంది కూడా ఓటు వేయలేదు, అక్కడ 1,200 మంది ఉన్నా బూత్ ఖాళీగానే ఉంటుంది. (ఏ బూత్ దగ్గర ఎంత క్యూ ఉందో ఫోన్లో చూసుకునే ఏర్పాటు ఆ నగరంలో చేశారు. క్యూలు లేనిచోట క్యూ చూపించే యాప్!) ఎనభై శాతం దాటే పల్లెలో, అందులోనూ రెండు ఓట్లు ఒకేరోజు వేసే ఏడాది, 1,200 ఎక్కువే. ఎక్కడ ఎక్కువో ఊహించక్కర్లేదు, ఆ డైరీ గడి చెప్తుంది. ఆరు గంటలకు నూరు చీటీలు దాటిన ప్రతి బూత్‌నీ వచ్చేసారికి రెండుగా విడగొట్టండి. పక్క తరగతి గదే చాలు.

ఇది మాకు కొత్తగా వచ్చిన కష్టమేమీ కాదు. 2019 ఏప్రిల్ 11న కూడా చాలాచోట్ల మిషన్లు మొరాయించి, ఆలస్యంగా మొదలై, రాత్రిదాకా లాగింది. ఐదేళ్ల తర్వాత మళ్లీ అదే కథ. మధ్యలో ఎవరైనా ఆ డైరీలు ముందు పెట్టుకుని కూర్చున్నారా?

అలసట ఒక్కటే కాదు, అనుమానం కూడా ఉంది. ఆరు తర్వాత పడిన ఓట్లు నిజమైనవేనా అని మా రాష్ట్రంలో ఎన్ని మాటలు నడిచాయో మీకు తెలుసు. మహారాష్ట్రలో అదే ప్రశ్న బాంబే హైకోర్టు దాకా వెళ్లింది, కోర్టు 2025లో కొట్టేసింది. తీర్పు గురించి నేను మాట్లాడను. పీవోగా కూర్చున్నవాడిగా ఒక్కటి చెప్పగలను. చీకటిపడ్డాక, సెల్‌ఫోన్ టార్చి వెలుగులో పేర్లు వెతుకుతూ, ముందురోజు నుంచి కంటిమీద కునుకు లేని సిబ్బంది నిజాయితీగా వేయించిన ఓట్లవి. బూత్‌వారీగా చీటీల లెక్క ఆ రాత్రే బయటపెట్టి ఉంటే వాళ్లమీద ఎవరూ వేలెత్తి చూపేవాళ్లు కాదు.

ఎండ మాట కూడా ఎత్తాలి. 2024 జూన్ 1న ఉత్తరప్రదేశ్‌లో వేడికి 33 మంది పోలింగ్ సిబ్బంది చనిపోయారని ఆ రాష్ట్ర ఎన్నికల అధికారే చెప్పారు. ఎన్నికలు ఇంకో నెల ముందే ముగించి ఉండాల్సిందని అప్పటి ప్రధాన కమిషనర్ ఒప్పుకున్నారు. ఆ ఒప్పుకోలు 2029 షెడ్యూలులో కనిపించాలి.

నేనడిగేది పెద్ద ఖర్చుతో కూడింది కాదు. 2024లో మా రాష్ట్రంలోని ప్రతి బూత్‌లో ఆరు గంటలకు పంచిన చీటీల సంఖ్య, ఆఖరి ఓటు పడిన సమయం మీ వెబ్‌సైట్‌లో పెట్టించండి. పీడీఎఫ్ వద్దు, కూడుకోవడానికి వీలుగా పట్టిక రూపంలో. చీటీ వెనక, "ఇది పిలిచే నంబరు కాదు" అని తెలుగులో ఒక ముక్క అచ్చు వేయించండి, ఊరూరా ఆ గొడవ తప్పుతుంది. ఒక్కో వరసకు పది కుర్చీలు వేయించండి, బళ్లో బెంచీలు ఎలాగూ ఉన్నాయి, ఆ రోజు వాటిని గోడవారగా పేర్చేసి తాళం వేస్తారు, ఎందుకో నాకిప్పటికీ తెలియదు.

భవదీయుడు,
గుంటూరు జిల్లా ఓటరు