చేప తనంతట తానే చచ్చిందా?

చెరువులో చేపలు తేలిన ప్రతిసారీ మన ఇళ్ళలో మొదట వచ్చే సవాల్ ఒకటే: ‘ఈ చేప తినడం జాయిజేనా?’ బజార్లో రవ్వ, బొచ్చె సగం ధరకే దొరుకుతుంటే ఈ సవాల్ రావడం సహజమే. చేపకు జిబహ్ అక్కర్లేదు కదా, చచ్చినా హలాలే కదా అంటారు ఒకరు. నీళ్ళలో చచ్చి తేలింది తినొద్దని మా దాదీ చెప్పేది అంటారు ఇంకొకరు. మనలో ఎక్కువమంది పాటించే హనఫీ ఫిఖ్ ప్రకారం దాదీ మాటే సరైంది.

ఫిఖ్‌లో ఇలాంటి చేపను ‘తాఫీ’ అంటారు. బయటి సబబ్ ఏదీ లేకుండా నీళ్ళలో తనంతట తానే చచ్చి, పొట్ట పైకి పెట్టి తేలిన చేప అన్నమాట. హనఫీల దగ్గర దీనికి ఇజాజత్ లేదు. షాఫయీల దగ్గర ఉంది. హైదరాబాద్ బార్కస్‌లో ఉండే యెమెనీ మూలాల ఖాందాన్లు షాఫయీలే కాబట్టి, ఒకే ఊళ్ళో ఒకే చేపకు రెండు జవాబులు దొరుకుతాయి. వలలో పడి చచ్చినా, నీళ్ళు వెనక్కి పోయి ఒడ్డున పడి చచ్చినా హనఫీలకూ హలాలే. అక్కడ సబబ్ తెలుసు. మరి నీళ్ళ వేడికో చలికో చచ్చిన చేప సంగతేంటి? 1197లో వఫాత్ అయిన బుర్హానుద్దీన్ మర్గీనానీ తన ‘హిదాయా’లో ఈ మసలాను కూడా వదల్లేదు. దీని మీద రెండు రివాయతులు ఉన్నాయని రాశారు.

ఫత్వా ఇవ్వడం జర్నలిస్టు పని కాదు, అది మీ మౌలానా సాబ్‌ని అడగండి. నన్ను పట్టుకున్నది ఫిఖ్ అడిగే తీరు. చేప దేనివల్ల చచ్చింది, సబబ్ ఏంటి అని అది ముందు తేల్చుకుంటుంది. మనం మాత్రం తినొచ్చా లేదా అన్న జవాబు దొరకగానే సంచీ మడిచేసి ఇంటికొస్తున్నాం. సబబ్ గురించి ఎవరైనా అడిగితే ‘ఈసారి చలి పడలేదు, అల్లాహ్ మర్జీ’ అంటున్నాం.

చలి పడకపోవడం నిజమే. మన వాతావరణ శాఖ లెక్కల్లో 2024 అక్టోబర్ దేశం మొత్తానికి 1901 తర్వాత అత్యంత వేడి అక్టోబర్. కార్తీకం వచ్చాక రజాయీలు దించే ఇళ్ళలో ఇప్పుడు ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ఈ మార్పు మనకు చెమటగా తెలుస్తుంది, చేపకు ఊపిరిగా తెలుస్తుంది.

నీళ్ళు ఎంత వేడిగా ఉంటే అందులో ప్రాణవాయువు అంత తక్కువ కరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరు మంచినీటిలో దాదాపు 9 మిల్లీగ్రాములు పడితే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నర మాత్రమే పడుతుంది. అదే సమయంలో వేడికి చేప ఒళ్ళు చురుకై దానికి కావాల్సిన ప్రాణవాయువు పెరుగుతుంది. అంటే రాబడి తగ్గిన నెలలోనే ఖర్చు పెరిగిందన్నమాట. ఈ బాధ మన ఆడవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు.

ఇంకో సంగతి ఉంది. మామూలు కార్తీకంలో రాత్రి చలికి చెరువు పైనీళ్ళు చల్లబడి బరువెక్కి కిందికి దిగుతాయి, కిందినీళ్ళు పైకొస్తాయి. రోజూ కాస్త కాస్త కలవడం వల్ల అడుగున కూడా ఊపిరి ఉంటుంది. రాత్రులు వెచ్చగా ఉంటే ఈ కలయిక సరిగ్గా జరగదు. అడుగున కుళ్ళు పేరుకుని, అక్కడి ప్రాణవాయువు మొత్తం అయిపోతుంది. అలా పది రోజులు గడిచాక బంగాళాఖాతంలో వాయుగుండం వస్తుంది, మబ్బు పడుతుంది, ఈదురుగాలి కొడుతుంది, చల్లటి వాన పడుతుంది. అది తుఫాన్ల కాలం కూడా. మిచౌంగ్ తుఫాన్ బాపట్ల దగ్గర తీరం దాటింది 2023 డిసెంబర్ 5న. ఆ గాలీవానకు అడుగునున్న చెడ్డనీళ్ళు ఒక్కసారిగా పైకొస్తాయి. తెల్లారేసరికి చేపలు తేలతాయి. ముందు రోజు దాకా బాగానే ఉన్న చెరువు రాత్రికి రాత్రే ఏమైందో ఎవరికీ అర్థం కాదు. ఎవరో విషం కలిపారని పుకారు లేస్తుంది.

అయితే తప్పంతా వేడిదే అనడం ఇన్సాఫ్ కాదు. రవ్వకూ బొచ్చెకూ 25 నుంచి 30 డిగ్రీల నీళ్ళు హాయిగానే ఉంటాయి. ఆ వెచ్చదనంలో అవి బాగా తిని బాగా పెరుగుతాయి కూడా. శుభ్రంగా, లోతుగా ఉన్న చెరువులో వెచ్చటి నవంబర్ వస్తే మత్స్యకారుడికి నష్టం కన్నా లాభమే ఎక్కువ కావచ్చు. వేడి అగ్గిపుల్ల లాంటిది. అంటుకోవడానికి గడ్డివాము కావాలి. ఆ గడ్డివాము పేర్చింది మనుషులే.

ఎలా పేర్చారో చూద్దాం. బస్తీల డ్రైనేజీ చెరువులోకి వదిలితే ఆ మురుగును తిని పచ్చటి నాచు పెరుగుతుంది. పగలు ఎండలో ఆ నాచు ప్రాణవాయువును ఇస్తుంది, రాత్రంతా తిరిగి తాగేస్తుంది. ఫ్యాక్టరీల వ్యర్థాలు దీనికి తోడు. 2017 అక్టోబర్‌లో పటాన్‌చెరు దగ్గర గండిగూడెం చెరువులో చేపలు పెద్ద ఎత్తున చచ్చి తేలినప్పుడు అక్కడివాళ్ళు వేలెత్తి చూపింది ఫ్యాక్టరీల వైపే. ఏలూరు, కృష్ణా జిల్లాల చేపల చెరువుల్లో కథ ఇంకో రకం. అక్కడ నీళ్ళు పట్టేదానికన్నా ఎక్కువ పిల్లను వదలడం, తొందరగా బరువు రావాలని మేత ఎక్కువ వేయడం వల్ల ముప్పు పెరుగుతుంది. తినగా మిగిలిన మేత అడుగున కుళ్ళుతుంది.

మన జిమ్మేదారీ కూడా చూసుకోవాలి. హైదరాబాద్‌లో మీరాలం చెరువును 19వ శతాబ్దం మొదట్లో కట్టారు. ఒకప్పుడు ఈ షహర్‌కు తాగునీళ్ళు ఇచ్చిన చెరువు అది. మన బుజుర్గులు కట్టించారని ఫఖ్ర్‌గా చెప్పుకుంటాం. చుట్టూ ఉన్న మన మొహల్లాల మురుగు అందులోకే పోతుంటే మాత్రం మాట్లాడం. వజూకు ఒక్క చుక్క నజాసత్ తగలొద్దని జాగ్రత్తపడే బిరాదరీ, ఒక తాలాబ్ మొత్తం నాపాక్ అవుతుంటే చూస్తూ ఊరుకోవడం నాకు అర్థం కాదు.

నష్టం ఎవరిది? తెలంగాణలో చెరువుల మీద బతికేది ఎక్కువగా ముదిరాజ్, గంగపుత్ర, బెస్త కుటుంబాలు. సొసైటీ పెట్టుకుని, పిల్ల వదిలి, ఎండాకాలం ముందు నీళ్ళు తగ్గాక పట్టి అమ్ముకుంటారు. 2016 నుంచి సర్కార్ ఉచితంగా చేపపిల్లలను ఇస్తోంది, మంచిదే. కానీ కొన్నేళ్ళు టెండర్ల జాప్యంతో పిల్ల అక్టోబర్, నవంబర్ దాకా చెరువు మొహం చూడలేదు. వాన నీళ్ళు జూలైలో వస్తే పిల్ల నవంబర్‌లో రావడం ఏం హిసాబ్? ఆలస్యంగా వచ్చిన పిల్ల ఎండాకాలానికి బరువెక్కదు. పైగా వదిలిన రోజుల్లోనే ఈ వేడికీ తుఫానుకూ దొరికిపోతుంది. ఏడాది రిజ్క్ ఒక్క రాత్రిలో పోతుంది. చచ్చిన చేపకు ధర ఉండదు, మళ్ళీ పిల్ల వదిలే కాలం దాటిపోయి ఉంటుంది. వాళ్ళ దగ్గర కొని బండి మీద తిరిగి అమ్మే మన గరీబ్ దుకాణదారులూ ఆ నష్టంలో భాగస్తులే.

తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను, మన భాషలో మరల్, ఈ బాధ నుంచి కొంత తప్పించుకుంటుంది. అది పైకొచ్చి గాలి పీల్చుకోగలదు. అందుకే ఊపిరాడని చెరువులో రవ్వ, బొచ్చె చచ్చినా మరల్ మిగిలే అవకాశం ఉంది. చెరువును బాగు చేయడం మానేసి మరల్ మీద భరోసా పెట్టుకుంటే మాత్రం రేపు ఖరీదైన ఆ ఒక్క చేపే మిగులుతుంది. గరీబ్ ఇంటి దస్తర్‌ఖాన్ మీద అది కూడా ఉండదు.

మరి ఏం చేయాలి? చెరువులో ప్రాణవాయువు అన్నిటికన్నా తక్కువగా ఉండే సమయం తెల్లవారే ముందు, అంటే సరిగ్గా ఫజర్ వక్త్. ఊళ్ళో ఆ వేళకు లేచి బయటికొచ్చేవాళ్ళలో మన నమాజీలు ఉంటారు. మస్జిద్ నుంచి తిరిగొచ్చే దారిలో చెరువు ఉంటే ఒక్క నిమిషం ఆగి చూడండి. చేపలు గుంపులుగా పైకొచ్చి నోళ్ళు తెరిచి మూస్తుంటే వాటికి ఊపిరి అందడం లేదని అర్థం. వెంటనే సొసైటీ వాళ్ళకు ఫోన్ చేయండి. ఆ టైంలో మేత ఆపి, మోటార్ పెట్టి నీళ్ళను ఎగజిమ్మితే, వీలుంటే కొత్త నీళ్ళు వదిలితే, చాలా చేపలు బతుకుతాయి. రెండు గంటలు ఆలస్యమైతే తెప్పలతో ఎత్తిపోయడమే మిగులుతుంది.

ఇక సర్కార్‌ను అడగాల్సినవి ఉన్నాయి. పిల్లను వానలతో పాటు ఇవ్వాలి. రైతుకు వాన కబురు చెప్పినట్టే, వెచ్చటి రోజుల తర్వాత మబ్బు పట్టే ముందు మత్స్యకారులకూ హెచ్చరిక పంపాలి. ప్రతి సొసైటీకి ప్రాణవాయువు కొలిచే మీటర్ ఒకటి ఇవ్వాలి. ఓట్ల కోసం మొహల్లాకు వచ్చే కార్పొరేటర్‌ను మన డ్రైనేజీ ఎక్కడికి పోతోందని అడగాలి. ఖబ్రస్తాన్ గోడ, షాదీఖానా మాత్రమే మన మసాయిల్ అనుకోవడం ఇక చాలు.

ఇంట్లో చేయాల్సిందీ ఉంది. చెరువులో చేపలు తేలాయన్న వార్త విన్న వారంలో సగం ధర చేప చూసి ఆశపడొద్దు. మొప్పలు ఎర్రగా, కళ్ళు మెరుస్తూ, వేలితో నొక్కితే కండ తిరిగి లేస్తూ ఉంటేనే కొనండి. విషపు నీళ్ళలో చచ్చిన చేప మసలా ఎలా ఉన్నా ఒంటికి మంచిది కాదు. చలి పడని ఏడాది మంచి చేప ధర పది రూపాయలు పెరిగితే మాత్రం బేరం కాస్త తగ్గించండి.

తవక్కుల్ అంటే ఒంటెను కట్టేసి ఆ తర్వాత అల్లాహ్ మీద భరోసా పెట్టడమని చిన్నప్పుడు మక్తబ్‌లో అందరం నేర్చుకున్నదే. మౌసమ్ మన చేతుల్లో లేదు. మురుగు, మేత, టెండర్ తారీఖు మన చేతుల్లోనే ఉన్నాయి. అందుకే ఈసారి చెరువులో చేపలు తేలితే మౌలానాను ఒక సవాల్ అడగండి, మునిసిపాలిటీని ఇంకో సవాల్ అడగండి. మొదటిదానికి జవాబు ఎనిమిది వందల ఏళ్ళ కిందటి కితాబ్‌లో కూడా దొరుకుతుంది. రెండోదానికి మనం అడిగితే తప్ప దొరకదు.